పని మధ్య విరామం: చట్టం, న్యాయం, మన ఇంటి లెక్క

బడిలో గంట కొట్టే పని అప్పగిస్తామంటే పిల్లలు పోటీ పడతారు. అందులోనూ ఇంటర్వెల్ గంట అంటే మరీ పోటీ. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాకు ఆ గంట విలువ బాగా తెలుసు. మూడో పీరియడ్ వచ్చేసరికి పిల్లల కళ్లు బల్ల మీద ఉంటాయి గాని మనసు ఉండదు. ఇంటర్వెల్‌కు వదిలి, నీళ్లు తాగి, మూత్రశాలకు వెళ్లి, నాలుగు అడుగులు పరుగెత్తి వచ్చాక అదే పిల్లలు అదే లెక్కను ఇట్టే చేసేస్తారు. బీఈడీ చదివే రోజుల్లో విద్యా మనోవిజ్ఞానంలో అలసట గురించి ఒక పాఠం ఉండేది. పీరియడ్ల పట్టిక ఎలా వేయాలో, గణితం ఎప్పుడు పెట్టాలో, ఆటలు ఎప్పుడు పెట్టాలో అందులో నేర్పేవారు. పిల్లల విషయంలో ఇంత ఆలోచించిన మేము, ఆ పిల్లల తల్లిదండ్రులకు పగటిపూట ఇంటర్వెల్ గంట కొడుతుందా లేదా అని ఎన్నడూ ఆలోచించలేదు.

ఆలోచించేలా చేసింది ఒక తల్లి. తల్లిదండ్రుల సమావేశానికి అందరూ వెళ్లిపోయాక ఆమె వచ్చింది. పాలమూరు వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. భర్త సెంట్రింగ్ పని చేస్తాడు. ఆమె కోకాపేటలోని ఒక పెద్ద భవనంలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. కుర్చీ చూపిస్తే కూర్చోవడానికి మొహమాటపడింది. పాదాలు వాచి ఉన్నాయి. నీళ్లిస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టి, "పొద్దుగాల నుంచి నీళ్లు తక్కువ తాగుడే అలవాటైంది సారూ, మాటిమాటికి బాత్రూంకు పోతే సూపర్‌వైజర్ అరుస్తడు" అంది. కొడుకు మార్కుల గురించి మాట్లాడి లేచేముందు ఆమె ఒక మాట అడిగింది. "మీరు చదువుకున్నోళ్లు. పని నడుమ ఇంతసేపు కూసోవచ్చని ఎక్కడన్న రాసి ఉంటదా?"

ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. తెలుసుకుని చెబుతామన్నాం. ఈ వ్యాసం ఆ జవాబు. ఆమెలాంటి వారు మన సంస్థ సభ్యుల ఇళ్లలోనూ ఉన్నారు. వారికి పని ఇచ్చేవారూ మన సభ్యుల్లో ఉన్నారు. ఇద్దరూ చదవాలని రాస్తున్నాం.

కోకాపేటలో ఎవరి పని ఎలా ఉంది

గండిపేట మండలంలోని కోకాపేట ఒకప్పుడు ఊరు. పొలాలు, రాళ్ల గుట్టలు, దగ్గరలో గండిపేట చెరువు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక, ఆ తరువాత నియోపొలిస్ లేఅవుట్ వచ్చాక రూపం మారింది. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ వేలంలో ఇక్కడి ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటిన సంగతి దేశమంతా చెప్పుకుంది. ఇప్పుడు ఎటు చూసినా క్రేన్లు, అద్దాల మేడలు.

ఆ మేడల్లో, మేడల చుట్టూ పనిచేసేవాళ్లు ఒక రకం కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని రాత్రి పదకొండింటికి అమెరికా వారితో కాల్‌లో ఉండే ఇంజినీరు ఉన్నాడు. గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డు ఉన్నాడు. ఇరవయ్యో అంతస్తులో ఇటుక పేర్చే ఒడిశా, బీహార్ కార్మికులు ఉన్నారు. షోరూంలో చీరలు విప్పి చూపించే అమ్మాయిలు, ఉద్యోగులను దింపే క్యాబ్ డ్రైవర్లు, భోజనం తెచ్చే డెలివరీ కుర్రాళ్లు ఉన్నారు. అందరూ అదే లిఫ్టు దగ్గర, అదే రోడ్డు మీద ఎదురవుతారు. కాని వారికి వర్తించే చట్టాలు వేరు, వారికి నిజంగా దొరికే విశ్రాంతి ఇంకా వేరు.

విరామం అంటే మూడు లెక్కలు

విరామం అనగానే టీ గుర్తుకొస్తుంది. చట్టం దృష్టిలో మాత్రం మూడు లెక్కలు ఉన్నాయి. వాటిని విడదీసి అర్థం చేసుకోవాలి.

మొదటిది పని మధ్య విరామం. ఏకధాటిగా ఎన్ని గంటలు పని చేయించవచ్చు, ఆ తరువాత కనీసం ఎంతసేపు వదలాలి అన్నది. రెండోది రోజు మొత్తం వ్యవధి. పని గంటలు, విరామాలు అన్నీ కలిపి మనిషి ఇంటి నుంచి ఎంతసేపు దూరంగా ఉండాలి అన్నది. హోటళ్లలో ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు చేయించి నడుమ ఖాళీగా వదిలేస్తుంటారు. చేసింది ఎనిమిది గంటలే అయినా మనిషి పద్నాలుగు గంటలు అక్కడే చిక్కుకుంటాడు. దాన్ని ఆపడానికే ఈ లెక్క. మూడోది వారపు సెలవు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ పనికిరావు. ఆదివారం సెలవు ఇచ్చినా సోమవారం ఏడు గంటలు ఏకబిగిన నిలబెడితే కాళ్లు ఆదివారాన్ని గుర్తుపెట్టుకోవు.

శరీరం ఏమంటోంది

విరామం లేకపోతే ఏమవుతుందో వైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. గంటల తరబడి నిలబడితే కాళ్లలో రక్తం నిలిచి సిరలు ఉబ్బుతాయి, నడుము పట్టేస్తుంది. మూత్రం ఆపుకుంటే, దాని కోసం నీళ్లు మానేస్తే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. ఆడవారికి ఈ ముప్పు ఎక్కువ. ఎండలో పనిచేసేవారు నీళ్లు, నీడ లేకుండా ఉంటే వడదెబ్బ, మూత్రపిండాల మీద భారం. కంప్యూటర్ ముందు కూర్చునేవారికి కళ్లు పొడిబారడం, మెడ నొప్పి. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై సెకన్లపాటు ఇరవై అడుగుల దూరంలోని వస్తువును చూడమని కంటి వైద్యులు చెప్పేది ఇందుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. 2016 ఒక్క ఏడాదిలోనే దీర్ఘ పని గంటల వల్ల 7 లక్షల 45 వేల మంది చనిపోయారని అంచనా వేశాయి. వారానికి 70 గంటలు, 90 గంటలు పని చేయాలని పెద్ద కంపెనీల పెద్దలు సలహాలిచ్చినప్పుడు ఈ అంకెలను పక్కన పెట్టుకుని వినాలి.

చట్టంలో ఏముంది

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. రాసి ఉంది. ఒకచోట కాదు, చాలా చోట్ల రాసి ఉంది.

దుకాణాలు, ఆఫీసులు: మన రాష్ట్రంలో వీటికి 1988 నాటి తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకూడదు. ఆ తరువాత కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు. ఐటీ సంస్థలకు ప్రభుత్వం షరతులతో కొన్ని మినహాయింపులు ఇస్తూ వచ్చింది.

2025 జూలై 5న ఇందులో ఒక మార్పు వచ్చింది. దుకాణాలను మినహాయించి, వాణిజ్య సంస్థలు రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దీని గురించి చాలామంది సగమే విన్నారు. పది గంటలు చేయాల్సిందే అనుకుంటున్నారు. ఉత్తర్వులోని మిగతా సగం ఇది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. అది దాటితే అదనపు వేతనం చెల్లించాలి. ఆరు గంటలకు మించి పని ఉన్న రోజున కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి రోజుకు 12 గంటలు దాటకూడదు. మూడు నెలల్లో అదనపు పని 144 గంటలు మించకూడదు.

మా లెక్కల తరగతిలోలాగే ఒక చిన్న లెక్క వేద్దాం. సోమవారం నుంచి గురువారం వరకు రోజుకు పది గంటలు చేస్తే నలభై. శుక్రవారం ఎనిమిది గంటలు చేసేసరికి నలభై ఎనిమిది నిండాయి. అంటే రోజుకు పది గంటలు చేయించే చోట శనివారం చేసే ప్రతి గంటా అదనపు పనే. ఆరు రోజులూ పది గంటలు చేయించి పాత జీతమే చేతిలో పెడితే వారానికి పన్నెండు గంటల కూలీ ఎగ్గొట్టినట్టు. ఈ లెక్కను ఐదో తరగతి పిల్లవాడు చేయగలడు. కాని చేసి చూపించేవారు లేక ఎంతోమంది నష్టపోతున్నారు.

కర్మాగారాలు: 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి తప్పనిసరి చేసింది. 150 మందికి మించి కార్మికులుంటే విశ్రాంతి గది, భోజనాల గది ఉండాలంది. నిలబడి చేసే పనిలో ఉన్నవారికి అవకాశం దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని కూడా అందులో ఉంది.

భవన నిర్మాణం: 1996 చట్టం కింద వచ్చిన నియమాలు కూడా ఐదు గంటలకు మించి ఏకధాటి పని వద్దని, అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పాయి. పని స్థలంలో తాగునీరు, మరుగుదొడ్లు ఉండాలి. 50 మందికి మించి మహిళలు పనిచేసే చోట పిల్లలకు గది ఉండాలని ఆ చట్టం చెప్పింది.

డ్రైవర్లు: 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదు గంటల తరువాత అరగంట విరామం చెప్పింది. కునుకు తీయని డ్రైవరు తనకే కాదు, వెనుక సీట్లో కూర్చున్న మన బిడ్డకూ ప్రమాదమే.

పాలిచ్చే తల్లులు: బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామానికి తోడు రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలని 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని 2017 సవరణలో చేర్చారు. మన అమ్మాయిలు ఎందరో ప్రసవం తరువాత ఉద్యోగాలు మానేశారు. వారిలో ఎందరికి ఈ సంగతి ముందే తెలుసో మాకు అనుమానమే.

2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పైన చెప్పిన కేంద్ర చట్టాలు వాటిలో కలిసిపోయాయి. ఎనిమిది గంటల పనిదినం, అదనపు పనికి రెట్టింపు వేతనం, పాలిచ్చే తల్లుల విరామాలు కొత్త కోడ్‌లలోనూ ఉన్నాయి. మన తల్లి విషయంలో ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఆమె జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. భవనం వేరే కంపెనీది. 'ఆమె మా మనిషి కాదు' అని కంపెనీ, 'గది ఇవ్వడం మా చేతిలో లేదు' అని కాంట్రాక్టరు అనడం మామూలే. కాంట్రాక్టు కార్మికులకు సంక్షేమ సౌకర్యాలు కల్పించే బాధ్యత పని చేయించుకునే అసలు యజమానిదే అని కొత్త కోడ్ స్పష్టంగా చెప్పింది.

ఈ హక్కు ఊరికే రాలేదు

ఈ అరగంట వెనుక చరిత్ర ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో వారానికి ఏడు రోజులూ పని నడిచిన కాలంలో నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు 1884లో కార్మికులను కూడగట్టి కోర్కెల పత్రం ఇచ్చాడు. వారానికో సెలవు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి అందులో ఉన్నాయి. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఇప్పుడు మన పిల్లలు ఎగిరి గంతేసే ఆదివారం వెనుక ఆ ఆరేళ్ల ప్రయత్నం ఉంది.

మన హైదరాబాద్‌లో 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినప్పుడు దాని అధ్యక్షుడు మఖ్దూం మొహియుద్దీన్. మన ముషాయిరాల్లో ఆయన్ని కవిగానే తలుచుకుంటాం. మిల్లు కార్మికులతో కూర్చుని పని గంటల గురించి, కూలీ గురించి మాట్లాడిన మఖ్దూంను కూడా తలుచుకోవాలి.

కాగితం మీద, నేల మీద

చట్టం అరగంట అంటుంది. ఆ అరగంట నేల మీదకు వచ్చేసరికి ఎంత మిగులుతుంది? ఆ తల్లితో మరోసారి కూర్చుని లెక్క వేశాం. ఆమె పని పద్దెనిమిదో అంతస్తులో. భోజనం సర్వీసు లిఫ్టు దిగి బేస్‌మెంట్‌లో చేయాలి. సామాన్లు మోసే లిఫ్టు అది. రావడానికి, పోవడానికి పదిహేను నిమిషాలు. చేతులు కడుక్కుని డబ్బా విప్పేసరికి ఇంకో ఐదు. మిగిలింది పది నిమిషాలు. అదే అంతస్తులో ఉద్యోగుల కోసం ఒక కాఫీ గది ఉంది. దాన్ని రోజుకు మూడుసార్లు తుడిచేది ఆమే. అందులో కూర్చునే అనుమతి లేదు.

న్యాయం అనే మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. విరామం ఎన్ని నిమిషాలు అనేది ఒక ప్రశ్న. ఎక్కడ, ఏ నీడలో, ఏ కుర్చీలో, ఎవరి చూపుల కింద అనేది రెండో ప్రశ్న. ఒకే పైకప్పు కింద ఇంజినీరు కాఫీ తాగడానికి లేస్తే ఎవరూ అడగరు. గార్డు కూర్చుంటే సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు. పని స్వభావం వేరు కావచ్చు. శరీరాలు ఒకటే.

ఇతర చోట్ల ఈ రెండో ప్రశ్నకు జవాబులు వెతికారు. కేరళలో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, కోజికోడ్‌కు చెందిన పి. విజి వంటి వారి నాయకత్వంలో ఏళ్ల తరబడి కొట్లాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించి దుకాణాల్లో కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే తెచ్చింది. 2025లో చెన్నై కార్పొరేషన్ డెలివరీ కార్మికుల కోసం రోడ్డు పక్కన ఏసీ విశ్రాంతి గదులు తెరిచింది.

గల్ఫ్ సంగతి మన ఇళ్లలో తెలియనివారు లేరు. పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్లినవారు ఎండాకాలం ఫోన్‌లో చెబుతూనే ఉంటారు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. యూఏఈలో అదే కాలంలో పన్నెండున్నర నుంచి మూడు వరకు. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు. అక్కడి కార్మికుల కష్టాలు మనకు తెలియనివి కావు. ఈ ఒక్క నియమం మాత్రం మన దగ్గర కోకాపేట కాంట్రాక్టర్లు కూడా పాటించదగినది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. మనిషి పోయాక ఇచ్చే నాలుగు లక్షల కన్నా, ఉన్నప్పుడు ఇచ్చే రెండు గంటల నీడ మేలు కదా.

డెలివరీ కుర్రాళ్లకు మాత్రం విరామం ఇచ్చే మనిషే కనిపించడు. ఫోన్‌లో యాప్ ఆపితే విరామం. ఆపితే ఆదాయమూ ఆగుతుంది. షేక్ సలావుద్దీన్ నాయకత్వంలోని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ వంటి సంఘాలు ఈ కష్టాన్ని బయటికి తెచ్చాయి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వారి కోసం ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. మనం చేయగలిగింది కూడా ఒకటుంది. తలుపు దగ్గరికి వచ్చిన కుర్రాడికి ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వవచ్చు.

నమాజు, రోజా, సాటి ఉద్యోగి

మన యువకులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. ఆఫీసులో జొహర్, అసర్ నమాజులకు సమయం అడగవచ్చా? అడగవచ్చు. విరామ సమయం ఉద్యోగిది. దాన్ని టీకి వాడుకోవాలా, నమాజుకు వాడుకోవాలా అన్నది అతని ఇష్టం. జుమా రోజు భోజన విరామాన్ని కాస్త ముందుకో వెనక్కో జరపమని ముందుగా అడిగి, ఆ సమయాన్ని తరువాత పూరించడం మర్యాద. రంజాన్‌లో ముస్లిం ప్రభుత్వ ఉద్యోగులను సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లనివ్వాలని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులు ఇస్తోంది. 2025లో మార్చి 2 నుంచి 31 వరకు ఆ వెసులుబాటు ఉంది. ప్రైవేటు సంస్థల్లో అది యాజమాన్యం మంచితనం మీద, సాటి ఉద్యోగుల సహకారం మీద ఆధారపడుతుంది.

అందుకే ఒక మాట చెప్పాలి. ఇఫ్తార్ వేళకు మన కౌంటర్ దగ్గర కూర్చున్న సోదరికి సద్దుల బతుకమ్మ నాడు మనం కూర్చోవాలి. బోనాలకు, దీపావళికి, క్రిస్మస్‌కు మనమే ముందుగా 'నువ్వు వెళ్లు, నేను చూసుకుంటా' అనాలి. నమాజు పేరు చెప్పి పది నిమిషాల చోట నలభై నిమిషాలు గడిపేవాడు తన తరువాత వచ్చే పదిమంది దారి మూసేస్తున్నాడు. కొలతల్లో, తూనికల్లో మోసాన్ని దివ్య ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా ఖండించిందో మనకు తెలుసు. సమయం కూడా కొలిచే వస్తువే. తీసుకునేవాడికీ ఇచ్చేవాడికీ అదే త్రాసు.

మన దగ్గర పనిచేసేవారు మన సోదరులని, వారి శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే మనమూ చేయి వేయాలని దైవప్రవక్త (స) బోధించారు. చెమట ఆరకముందే కూలీ ఇవ్వమన్న హదీసు మన మసీదుల్లో తరచు వింటాం. కూలీ సంగతి బాగా గుర్తుంది. చెమట ఆరనిచ్చే సంగతి మాత్రం మరిచిపోతున్నాం.

మన ఇంటి లెక్క

ఇక్కడిదాకా రాసి కలం ఆపాల్సి వచ్చింది. మన సంస్థ నడిపే సాయంత్రపు ట్యూషన్ కేంద్రంలో ఒక వాచ్‌మన్ ఉన్నాడు. వయసు అరవై దాటింది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు డ్యూటీ. వారపు సెలవు ఎప్పుడని అడిగితే నవ్వాడు. "ఈదులకు ఇస్తరు కదా సారూ" అన్నాడు. నాలుగేళ్లుగా ఆయన్ని రోజూ చూస్తున్నాం, సలాం చెబుతున్నాం. ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. పన్నెండు గంటలు, ఏడు రోజులు. ఎనభై నాలుగు గంటలు.

కమిటీ సమావేశంలో ఈ విషయం పెట్టాం. మాట తేలిగ్గా సాగలేదు. 'అతను కూర్చునే కదా ఉంటాడు' అన్నారు ఒకరు. 'ఇది పుణ్యకార్యం, కంపెనీ కాదు' అన్నారు ఇంకొకరు. కోశాధికారి సాబ్ డబ్బు సంగతి ఎత్తారు. అది న్యాయమైన ప్రశ్నే. విరాళాల ప్రతి రూపాయికీ ఆయన జవాబు చెప్పాలి. ఇంకో మనిషిని పెడితే నెలకు ఖర్చు పెరుగుతుంది. మేము చెప్పింది ఒక్కటే. పిల్లల చదువు కోసం ఇచ్చిన విరాళాన్ని పొదుపు చేస్తున్నామని మనం అనుకుంటున్నాం. ఆ పొదుపు నిజానికి ఆ ముసలాయన కాళ్ల నుంచి వస్తోంది. ఆయన అందరికన్నా పెద్ద దాత. రసీదు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

రెండు సమావేశాలు పట్టింది. చివరికి ఆయనకు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఒక సెలవు, మధ్యాహ్నం గంట విశ్రాంతి ఖాయమయ్యాయి. జీతం తగ్గించలేదు. మిగతా వేళలకు ఇంకొకరిని పెట్టాం. ఈ సంచికలో రంగుల పేజీలు ఈసారి తక్కువగా ఉండడం మీరు గమనించే ఉంటారు. ఆ డబ్బు అక్కడికి వెళ్లింది.

ఏం చేయవచ్చు

పనిచేసేవారికి: చేరేటప్పుడే పని వేళలు, విరామం, వారపు సెలవు అడిగి కాగితం మీద రాయించుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. తగాదా వచ్చిన రోజు ఆ పుస్తకమే సాక్షి. ఒక్కరుగా కాకుండా నలుగురు కలిసి, గొంతు పెంచకుండా ముందు సూపర్‌వైజర్‌ను అడగండి. వినకపోతే కార్మిక శాఖ అధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మహిళలకు, కార్మికులకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సహాయం చేస్తుంది. టోల్ ఫ్రీ నంబరు 15100.

పని ఇచ్చేవారికి: విరామ వేళలు గోడ మీద రాసి పెట్టండి. రాసి ఉంటే అడగడానికి భయం ఉండదు. నిలబడి పనిచేసే ప్రతిచోటా ఒక కుర్చీ వేయండి. మరుగుదొడ్డికి వెళ్లడాన్ని విరామంలో లెక్కపెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పనిని పొద్దున, సాయంత్రానికి జరపండి.

గృహిణులకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు: మన ఇంటి పనిమనిషి ఎన్నో ఇంటి పని ముగించుకుని వచ్చిందో అడగండి. ఒక కప్పు చాయ్ ఇచ్చి, అది తాగేదాకా ఇంకో పని చెప్పకండి. గార్డు గదిలో ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి.

చివరిగా, ఆ తల్లి సంగతి. చట్టంలో ఉన్నది ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇచ్చాం. ఆమెకు చదవడం రాదు. కొడుకు చదివి వినిపించాడు. మర్నాడు ఆమె, మరో నలుగురు ఆడవాళ్లు కలిసి ఆ కాగితం చూపించి అడిగారట. ఇప్పుడు ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా ఎవరూ పిలవడం లేదు. లిఫ్టు అదే, బేస్‌మెంట్ అదే. కుర్చీ ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నామని ఆమె చెప్పింది. మొన్న బడికి వచ్చినప్పుడు మాత్రం చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. గ్లాసు నిండా నీళ్లు తాగింది.

మన చేతి కింద ఉన్నవారి పట్ల న్యాయంగా ఉండే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.